డాన్ సరే, విజయ్ ఎక్కడ?

2023 ఆగస్టులో దర్శకుడు ఫర్హాన్ అఖ్తర్ ‘డాన్’ పరంపరలో మూడో చిత్రాన్ని ప్రకటించారు. ఆ పాత్రను ఇకపై షారుఖ్ ఖాన్ కాక రణ్‌వీర్ సింగ్ పోషిస్తారని చెప్పారు. దాంతో హిందీ చిత్రసీమలో ఒక వారసత్వ సంక్షోభమే తలెత్తింది. షారుఖ్ లేని డాన్ మాకు అక్కర్లేదని అభిమానులు సామాజిక మాధ్యమాల్లో భగ్గుమన్నారు. అమితాబ్ బచ్చన్ స్థానంలోకి షారుఖ్ వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు కదా అని మరికొందరు గుర్తు చేశారు. ఈ కథను ఇంకెన్నిసార్లు తవ్వుతారని నిట్టూర్చినవారూ ఉన్నారు. ఆ తర్వాత ఆ చిత్రం చుట్టూ వార్తలు, వదంతులు ఎన్నో ముసురుకున్నాయి. వాటి నిజానిజాలతో ఈ వ్యాసానికి పని లేదు. ప్రకటన వెలువడిన రోజున జనం అడిగిన ప్రశ్నే నన్ను ఆలోచింపజేసింది. తర్వాతి డాన్ ఎవరని అందరూ అడిగారు. తర్వాతి విజయ్ ఎవరని అడిగినవారు నాకు ఎక్కడా తారసపడలేదు.

జాతీయ రాజకీయాలు రాసుకునేవాడికి ఈ సినిమా గొడవ ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఎన్నో ఏళ్లుగా ఢిల్లీలో పార్టీ కార్యాలయాల మెట్లెక్కి దిగుతున్న నాకు అభిమానీ కార్యకర్తా రెండు వేర్వేరు జాతుల మనుషులుగా ఎన్నడూ కనిపించలేదు. ఇద్దరూ ఒక ముఖాన్ని ఏళ్ల తరబడి భుజాన మోస్తారు. ఆ ముఖం వెనుక ఇద్దరికీ ఒకప్పుడు ఏదో వాగ్దానం వినిపించి ఉంటుంది. నాయకుడు మారినప్పుడు కార్యకర్త నోట వచ్చే మొదటి ప్రశ్న ‘ఈయనకు ఆయనంత స్థాయి ఉందా?’ అన్నదే. ఏ వాగ్దానంతో ఆ పార్టీ పుట్టింది, అది ఇప్పుడు ఏమైంది అన్న ప్రశ్న ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ముఖాల తగాదాలో మాట మరుగున పడిపోవడం మన ప్రజాస్వామ్యంలో నిత్యం చూస్తున్నదే. ‘డాన్’ చుట్టూ సాగుతున్న వాదనల్లోనూ నాకు అదే కనిపించింది.

అభిమాని సందేహాన్ని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. పాత పేరుకు కొత్త చిత్రం తగిలించడంలో వ్యాపారం ఉందని అతనికి బాగా తెలుసు. వందల కోట్లు పెట్టుబడి పెట్టేవారికి కొత్త కథ కంటే జనానికి తెలిసిన పేరు నిబ్బరాన్నిస్తుంది. కానీ ఆ పేరుకు విలువ తెచ్చిపెట్టింది ఎవరు? ఎండలో వరుసలో నిలబడి టికెట్లు కొన్నవాడు, డైలాగులు కంఠస్థం చేసినవాడు, బడిలో, బస్సులో, పాన్ దుకాణం దగ్గర ఆ నడకను అనుకరించినవాడు. తన జ్ఞాపకాన్ని తనకే తిరిగి అమ్ముతున్నారన్న అనుమానం అతనికి కలిగితే అందులో తప్పు లేదు. ఆ అనుమానం ఎక్కడ గురి పెట్టాలో అక్కడ పెట్టడం లేదన్నదే నా ఫిర్యాదు.

నటుడి ముఖం గురించిన సందేహం అన్ని సందేహాల్లోకీ బలహీనమైనదని చరిత్ర చెబుతోంది. 2006లో ‘డాన్’ హిందీలో తిరిగి వచ్చిన కొద్ది వారాలకే ‘కాసినో రాయల్’ విడుదలైంది. డేనియల్ క్రెయిగ్‌ను జేమ్స్ బాండ్‌గా ప్రకటించినప్పుడు ఆయన జుట్టు రంగు మొదలుకొని ఎత్తు వరకు అన్నింటినీ తప్పుపట్టి, చిత్రాన్ని బహిష్కరించాలని ప్రచారం చేసిన అభిమానులు ఉన్నారు. చిత్రం వచ్చాక ఆ గొంతులు వినిపించలేదు. క్రెయిగ్ 2021 దాకా అయిదు చిత్రాల్లో బాండ్‌గా కొనసాగారు.

‘డాన్’ విషయంలో ముఖం తగాదా మరీ నిరాధారం. ఈ కథకు దక్షిణాదిలో ఏనాడూ ఒకే ముఖం లేదు. హిందీ ‘డాన్’ 1978లో వస్తే, ఏడాది తిరిగేసరికి, 1979లో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో ఎన్టీ రామారావు ‘యుగంధర్’ అయ్యారు. 1980లో తమిళంలో రజనీకాంత్ ‘బిల్లా’గా వచ్చారు. 1986లో మలయాళంలో మోహన్‌లాల్ ‘శోభరాజ్’ అయ్యారు. 2007లో అజిత్, 2009లో ప్రభాస్ మళ్లీ బిల్లాలయ్యారు. నా తరం తెలుగువారిలో చాలామంది ఈ కథను మొదట ఎన్టీఆర్ ముఖంతోనే చూశారు, నేనూ అంతే. అమితాబ్ చిత్రాన్ని చాలా ఏళ్ల తర్వాత, ఢిల్లీ వచ్చాక చూసినప్పుడు, అదే అసలు ప్రతి అని బుద్ధికి తెలిసినా మనసు మాత్రం ఎన్టీఆర్ నడక కోసం వెతుక్కుంది. అసలు ఏది, నకలు ఏది అన్నది ఎవరు ఏది ముందు చూశారన్న దానిపై ఆధారపడి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

యుగంధర్ అన్న పేరు గురించి ఒక మాట. వేదం వేంకటరాయ శాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ నాటకంలో ఢిల్లీ సుల్తాను చెరలో ఉన్న కాకతీయ ప్రభువును విడిపించుకు రావడానికి పిచ్చివాడి వేషంలో వెళ్లిన మంత్రి పేరు యుగంధరుడు. వేరొకరి వేషం వేసుకుని శత్రువుల మధ్యకు వెళ్లే మనిషి కథకు తెలుగులో ఆ పేరు పెట్టడంలో ఆలోచన ఉందో, యాదృచ్ఛికమో గానీ, హిందీ పేరు కంటే అది కథకు దగ్గరగా ఉంది. హిందీలో చిత్రం పేరు నేరస్తుడిది. మన పేరు మాత్రం వేషం వేసుకుని వెళ్లినవాణ్ణి గుర్తు చేస్తుంది.

అసలు కథలోకి వెళ్లే ముందు అది ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. ఛాయాగ్రాహకుడు నారిమన్ ఇరానీ 1972లో తీసిన ‘జిందగీ జిందగీ’ దెబ్బతిని అప్పుల పాలయ్యారు. ఆయన్ను గట్టెక్కించడానికి మిత్రులు పూనుకున్నారు. మనోజ్ కుమార్ దగ్గర సహాయకుడిగా పనిచేస్తున్న చంద్ర బారోట్ దర్శకత్వ బాధ్యత తీసుకున్నారు. అమితాబ్, జీనత్ అమన్, ప్రాణ్ తోడు నిలిచారు. సలీం-జావేద్ దగ్గర అప్పటికే పలువురు కాదన్న ఒక కథ ఉంది. అదే తీసుకున్నారు. చిత్రం విడుదల కాకముందే ఇరానీ ప్రమాదంలో మరణించారు. 1978 మే 12న పెద్ద ఆర్భాటం లేకుండా వచ్చిన ఆ చిత్రం దేశాన్ని ఊపేసింది. ఇరానీ కుటుంబం అప్పుల నుంచి బయటపడింది. 2025 జూలైలో చంద్ర బారోట్ కన్నుమూసినప్పుడు సంతాప వార్తలన్నీ ఆయన్ను ఒకే ఒక్క చిత్రంతో గుర్తు చేసుకున్నాయి. చేతిలో డబ్బు లేనివాళ్లు ఒక స్నేహితుడి అప్పు తీర్చడానికి తీసిన సినిమా ఇది. దాని పేరు ఈనాడు ఎంతో ఖరీదైన వ్యాపార ఆస్తి.

ఆ కథలో డాన్ ఎంతసేపు ఉంటాడు? అభిమానుల జ్ఞాపకంలో చిత్రమంతా డానే. నిజానికి అతను కథ మొదటి భాగంలోనే పోలీసుల వేటలో చనిపోతాడు. డీఎస్పీ డిసిల్వా ఆ మరణాన్ని రహస్యంగా ఉంచి, అచ్చం అతని పోలికలతో ఉన్న విజయ్ అనే వీధి గాయకుణ్ణి వెతికి పట్టుకుంటాడు. గంగా తీరపు మాటతీరు, నోట్లో పాన్, వెంట ఇద్దరు దిక్కులేని పిల్లలు, ఇదీ విజయ్ ఆస్తి. పిల్లలకు చదువు చెప్పిస్తానన్న మాట తీసుకుని అతను డాన్ వేషంలో ముఠాలోకి వెళతాడు. ప్రాణం పణంగా పెట్టి పోలీసులకు సమాచారం అందిస్తాడు. ముఠా గుట్టున్న డైరీని సంపాదిస్తాడు. సరిగ్గా అప్పుడే డిసిల్వా చనిపోతాడు. విజయ్ డాన్ కాడని తెలిసిన అధికారి ఆయన ఒక్కడే. ఆ తర్వాత సగం సినిమా ఒకే ఒక్క ఆక్రోశం: నేను వాణ్ణి కాను, నన్ను నమ్మండి. పోలీసులు నమ్మరు. ముఠా వదలదు. తనను గుర్తించగల కాగితం ఆ డైరీ ఒక్కటే. అది కూడా చేతులు మారిపోతుంటుంది.

అమితాబ్ ఆ చిత్రంలో డాన్‌గా ఎంత ఠీవిగా ఉన్నా, జనం గుండె పట్టుకున్నది విజయ్‌గానే అని నా నమ్మకం. థియేటర్‌లో కూర్చున్న రిక్షా కార్మికుడు, మిల్లు కార్మికుడు, గుమస్తా తమను తాము డాన్‌లో చూసుకుని మురిసిపోయి ఉండవచ్చు. కానీ వాళ్ల బతుకు మాత్రం విజయ్‌ది. ఒక పెద్ద మనిషి మాట నమ్మి ఏదో పనికి ఒప్పుకోవడం, ఆ పెద్ద మనిషి లేకుండా పోగానే ఎవరికీ ఏమీ కాకుండా మిగిలిపోవడం వారికి తెలిసిన అనుభవం.

ఆ చిత్రం వచ్చిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఎమర్జెన్సీ ముగిసి ఏడాది దాటింది. షా కమిషన్ నివేదికలు ఒక్కొక్కటిగా వెలువడుతున్నాయి. ప్రభుత్వం ఎవరినైనా పట్టుకుపోగలదనీ, పట్టుకుపోయిన మనిషి తానెవరో రుజువు చేసుకోలేడనీ దేశం అప్పుడే కళ్లారా చూసింది. సలీం-జావేద్ ఇదంతా మనసులో పెట్టుకుని రాశారని నేను అనడం లేదు. వాళ్లు రాసింది వినోదం కోసమే. అయినా, ఇంటర్‌పోల్ అధికారిగా నిలబడినవాడే అసలు నేరస్తుడని తేలే కథ, నిజాయతీపరుడైన ఒక్క పోలీసు చనిపోతే వ్యవస్థలో ఇక సాక్ష్యమే లేదని చెప్పే కథ, ఆనాటి ప్రేక్షకుడికి ఎక్కడ తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

నాకు ఆ కథ మరో రకంగా గుర్తొచ్చిన సందర్భం ఒకటి ఉంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో జాతీయ పౌర పట్టిక తుది జాబితా వెలువడింది. 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు అందులో లేవు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లిన విలేకరులందరూ చూసిన దృశ్యమే నేనూ చూశాను. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో పాత ఓటర్ల జాబితా నకళ్లు, భూమి కాగితాలు, బడి సర్టిఫికెట్. ఒక వృద్ధుడు తన తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా రావడం వల్ల తాను తన తండ్రికి కొడుకు కాకుండా పోయానని ఏ కోపమూ లేకుండా చెప్పాడు. ఆయన్ను ఎరిగిన ఊరి పెద్దలు చాలామంది పోయారట. ‘నేనెవరో తెలిసినవాళ్లు బతికి లేరు, కాగితం ఒక్కటే మిగిలింది’ అన్నది ఆయన మాటల సారాంశం. తిరుగు ప్రయాణంలో నాకు ఎందుకో విజయ్ గుర్తొచ్చాడు. డిసిల్వా చనిపోయాక బొంబాయి వీధుల్లో పరుగెత్తే విజయ్. సినిమాలో అతని డైరీ చివరికి దొరుకుతుంది. అందరికీ అలా దొరకదు.

ఇప్పుడు 2006కు వద్దాం. జావేద్ అఖ్తర్ కుమారుడు ఫర్హాన్ తండ్రి కథను చేతిలోకి తీసుకున్నారు. షారుఖ్‌కు అమితాబ్ గొంతు లేదు, ఆ ఎత్తు లేదు అని ఆనాడు కూడా సందేహాలు వినిపించాయి. ఫర్హాన్ ఆ అభిమానుల ఆశలతోనే ఒక చక్కని ఆట ఆడారు. పాత కథ తెలిసినవాళ్లంతా తమకు ముందే తెలుసన్న ధీమాతో కూర్చున్నారు. చిత్రం చాలావరకు పాత దారిలోనే నడిచింది. చివరి నిమిషాల్లో దెబ్బ తగిలింది. మనం విజయ్ అనుకుని ఎవరి కోసం ఆందోళన పడుతున్నామో అతను విజయ్ కాదు. విజయ్ ఏనాడో చనిపోయాడు. డానే విజయ్ వేషం వేసుకుని, పోలీసులనూ ప్రేక్షకులనూ ఒకేసారి మోసం చేశాడు. పాత కథ తెలిసి ఉండటమే మోసపోవడానికి కారణమయ్యేలా కథను మలచడం పునర్నిర్మాణాల్లో అరుదైన తెలివి. దానికి ఫర్హాన్‌ను మెచ్చుకోకుండా ఉండలేం.

ఆ చిత్రాన్ని నేను ఢిల్లీలో ఒక మల్టీప్లెక్స్‌లో చూశాను. నిజం బయటపడిన క్షణంలో హాలంతా ఒక్క లిప్తపాటు నిశ్శబ్దమై, వెంటనే ఈలలు, చప్పట్లతో మారుమోగింది. నేనూ నవ్వాను. బయటికి వచ్చి కారు పార్కింగ్ దాకా నడిచేలోగా ఒక విషయం మనసులో గుచ్చుకోవడం మొదలైంది. మేం చప్పట్లు కొట్టింది దేనికి? ఒక పేదవాడు ఆసుపత్రి మంచం మీద చనిపోయాడు. అతని పేరు, అతని మంచితనం, అతని మీద మనకున్న జాలి అన్నింటినీ హంతకుడు వాడుకుని దర్జాగా వెళ్లిపోయాడు. విజయ్ చావు తెర మీద ఒక ఎత్తుగడలో భాగంగా మాత్రమే మిగిలింది. ఆ హాల్లో ఎవరూ ‘అయ్యో’ అనలేదు.

1978కీ 2006కీ మధ్య మనం మారిపోయాం. ఒకే తెర ఉన్న పాత హాళ్ల స్థానంలో మల్టీప్లెక్స్‌లు వచ్చాయి. నేల టికెట్ పోయింది, నేల టికెట్ ప్రేక్షకుడూ పోయాడు. కథ బొంబాయి వీధుల నుంచి కౌలాలంపూర్ ఆకాశహర్మ్యాలకు తరలింది. 1991 తర్వాతి భారతంలో గెలిచినవాడికే ఆరాధన. ఎలా గెలిచాడని అడగడం పాతకాలపు చాదస్తం. 2011లో వచ్చిన ‘డాన్ 2’ మరో అడుగు ముందుకు వేసింది. బెర్లిన్‌లో యూరో నోట్ల అచ్చు పలకల దోపిడీ. చివరికి డాన్ అక్కడి అధికారులతో బేరమాడి తన నేరాలకు మాఫీ పత్రం సంపాదించుకుంటాడు. మొదటి చిత్రంలో ఒక అమాయకుడు తాను నేరస్తుణ్ణి కానని నిరూపించుకునే కాగితం కోసం ప్రాణాలు అరచేత పెట్టుకుని పరుగెత్తాడు. మూడు దశాబ్దాల తర్వాత నేరస్తుడే దర్జాగా కూర్చుని రాజ్యం చేత కాగితం రాయించుకున్నాడు. రాజకీయాలు రాసేవాడికి ఈ రెండు కాగితాల మధ్య దూరాన్ని గమనించకుండా ఉండటం కష్టం. విచారణ సంస్థల గుమ్మం దగ్గర ఎవరికి ఏ కాగితం ఎంత తేలిగ్గా దొరుకుతుందో మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇతర భాషల పునర్నిర్మాణాలదీ దాదాపు ఇదే వరస. 2012లో తమిళంలో ‘బిల్లా 2’ వచ్చింది. బిల్లా గతం చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న ఆరంభం ఆసక్తికరం. అతను శ్రీలంక నుంచి పడవలో వచ్చిన తమిళ శరణార్థి. ఆ ద్వీపంలో యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లే. శరణార్థి శిబిరం, అక్కడి తనిఖీలు, మనిషిని అంకెగా చూసే అధికారులు. ఈ కథకు మూలంలో ఉన్న ప్రశ్న, ‘నేనెవరో చెబితే నమ్మేదెవరు?’ అన్నది, మళ్లీ బతికే అవకాశం అక్కడ ఉంది. చిత్రం కాసేపటికే ఆ శిబిరాన్ని వదిలేసి తుపాకులు, విలాసాల వెంట వెళ్లిపోయింది. అజిత్ నడక ఎలా ఉందో చర్చించుకున్నంతగా ఆ శిబిరం ఎందుకు మాయమైందో ఎవరూ చర్చించలేదు.

2013 సెప్టెంబరులో, మన రాష్ట్రం విభజన సెగలో ఉడికిపోతున్న రోజుల్లో, సలీం-జావేద్‌దే మరో కథ ‘జంజీర్’ రామ్‌చరణ్‌తో హిందీలోనూ, ‘తుఫాన్’ పేరుతో తెలుగులోనూ తిరిగి వచ్చింది. 1973 నాటి విజయ్ ఖన్నా ఒక్క అన్యాయాన్ని జీవితాంతం మరిచిపోలేని పోలీసు. కొత్త చిత్రంలో చమురు మాఫియా ఉంది, పోలీసు ఉన్నాడు, పేర్లన్నీ ఉన్నాయి. ఆ మరిచిపోలేనితనం లేదు. చిత్రం నిలబడలేదు. నింద యథాప్రకారం నటుడి మీద పడింది. బచ్చన్‌తో పోలిక తేలేదన్నారు. మరో పెద్ద నటుడు ఉన్నా ఆ చిత్రం నిలబడేది కాదని నా అభిప్రాయం.

ఇదంతా చదివి పాత కథలను మళ్లీ తీయడమే తప్పని నేను అంటున్నట్టు అనిపిస్తే, సరిహద్దు అవతలి నుంచి ఒక ఉదాహరణ చెప్పాలి. ‘డాన్’ వచ్చిన మరుసటి ఏడాది, 1979లో, పాకిస్తాన్‌లో పంజాబీ చిత్రం ‘మౌలా జట్’ విడుదలైంది. చేతిలో గండాసా పట్టుకున్న సుల్తాన్ రాహీ, ఎదురుగా నూరీ నట్ పాత్రలో ముస్తఫా ఖురేషీ. జనరల్ జియా సైనిక పాలన నడుస్తోంది. ఆ ఏడాదే ఏప్రిల్‌లో భుట్టోను ఉరి తీశారు. ప్రభుత్వం చిత్రాన్ని ఆపాలని చూసింది. నిర్మాత కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుని ఆడించారు. జనం విరగబడ్డారు. న్యాయం దొరకని చోట గండాసా ఎత్తిన ఆ జాట్ రైతులో సైనిక పాలనకు ధిక్కారాన్ని చూసిన విమర్శకులు ఉన్నారు.

2022లో బిలాల్ లషారీ దాన్ని ‘ది లెజెండ్ ఆఫ్ మౌలా జట్’గా తిరిగి తీశారు. పాత చిత్రానికి రాసిన నాసిర్ అదీబే దీనికీ కలం పట్టారు. హక్కుల తగాదాతో ఏళ్లు గడిచాయి. అభిమానుల సందేహాలు మనకు పరిచితమైనవే: నాజూకైన ఫవాద్ ఖాన్ సుల్తాన్ రాహీ కాగలడా, అతని పంజాబీ యాసలో మట్టి వాసన ఉంటుందా? చిత్రం వచ్చింది, పాకిస్తానీ సినిమా చరిత్రలో అత్యధిక వసూళ్లు సాధించింది. సందేహాలన్నీ కొట్టుకుపోయాయి. మౌలా, నూరీల మధ్య శత్రుత్వంలోని గౌరవాన్ని అది కాపాడుకుంది కాబట్టే అంత దూరం నడిచింది. అయినా అక్కడ కూడా ఒకటి పోయింది. కొత్త చిత్రం కథను పురాణకాలం లాంటి ఒక గతంలోకి నెట్టింది. అందులో రాజ్యం లేదు, కోర్టు లేదు, సైనిక పాలకుడికి కోపం తెప్పించేది ఏదీ లేదు. ఒకనాడు ప్రభుత్వం భయపడిన కథ ఈనాడు ఎవరినీ భయపెట్టని ఇతిహాసమైంది. విచిత్రమేమిటంటే, భయం ఇటువైపు పుట్టింది. 2022లోనూ, 2024లోనూ భారత్‌లో విడుదల చేయాలని ప్రయత్నించినా ఆ చిత్రం ఇక్కడి హాళ్లకు రాలేకపోయింది. లాహోర్ నుంచి అమృత్‌సర్ 50 కిలోమీటర్లు. అదే భాష, అదే గండాసా, అదే జట్. పెద్ద తెర మీద చూసే భాగ్యం మాత్రం అమృత్‌సర్ అభిమానికి లేదు. యాస బాగుందా లేదా అని తేల్చుకునే హక్కు కూడా అతనికి దక్కలేదు.

అభిమానులతో నాకు ఒకే ఒక్క వాదన ఉంది. మీరు ఆశించండి, గట్టిగానే ఆశించండి. కానీ నటుడి ఎత్తును, గొంతును, కోటును కొలిచి ఊరుకోకండి. కథలో ఏ మనిషి వల్ల ఆ పేరు మీ గుండెలో నిలిచిందో అతని జాడ అడగండి. విజయ్ కథ లేకపోతే డాన్ వట్టి నేరస్తుడు. అలాంటివాళ్లు తెర మీద వందలమంది వచ్చారు, పోయారు. ఎవరి పేరూ మిగల్లేదు. ఒక వీధి గాయకుడు ఆ చొక్కా తొడుక్కుని, అది తనది కాదని చెప్పలేక నలిగిపోయాడు కాబట్టే ఆ చొక్కాకు ఇన్నేళ్ల ఆయుష్షు.

ఇది పాతకాలంపై మోజు కాదు. 1978 చిత్రాన్ని యథాతథంగా తీస్తే ఈనాడు నవ్వొస్తుంది. డైరీ ఒక్కటి దొరికితే నిర్దోషిత్వం రుజువైపోతుందన్న నమ్మకం ఆ కాలపు అమాయకత్వం. కానీ ఆ పరిస్థితి పాతబడిందా? నేడు మన ముఖాన్ని యంత్రాలు గుర్తుపడుతున్నాయి. వేలిముద్ర సరిపోకపోతే రేషన్ దుకాణం ముందు నిలబడ్డ కూలీ, తాను తానే అని చెప్పుకోలేక వెనుదిరుగుతున్నాడు. కృత్రిమ మేధతో ఎవరి ముఖానికైనా ఎవరి మాటలైనా అతికించవచ్చు. ఎన్నికల వేళ అలాంటి వీడియోల పుట్టు పూర్వోత్తరాలు తేల్చలేక మా వార్తా గదుల్లో గంటలు గడిచిపోతున్నాయి. వేరొకరి ముఖం తగిలించుకున్న మనిషి, తన ముఖమే తనకు సాక్ష్యం చెప్పని మనిషి, ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న కథకు ఇంతకంటే తగిన కాలం మరొకటి లేదు. సలీం-జావేద్ ఊహించని సామగ్రి ఈనాటి రచయిత బల్ల మీద పరిచి ఉంది.

దాన్ని అందుకునే ధైర్యం ఉంటుందా అన్నదే నా సందేహం. విజయ్‌ను తిరిగి తేవాలంటే అతన్ని వాడుకుని వదిలేసిన వ్యవస్థను కూడా తెర మీదికి తేవాలి. 1978లో ఇంటర్‌పోల్ అధికారినే దొంగగా చూపినా అభ్యంతరాలు రాలేదు. ఈనాడు యూనిఫాం వేసుకున్న పాత్ర చేత తప్పు చేయించాలంటే నిర్మాత ముందు న్యాయవాదిని సంప్రదిస్తాడు. నేరస్తుణ్ణి ఆరాధించడం తేలిక, ఎవరూ ఫిర్యాదు చేయరు. నిర్దోషి పక్షాన నిలబడాలంటే అతను ఎవరి వల్ల దోషి అయ్యాడో చెప్పాల్సి వస్తుంది. మన సినిమా ఇటీవల డాన్‌లను ఎందుకింతగా ప్రేమిస్తోందో ఇక్కడే కొంత జవాబు ఉందేమో.

మూడో డాన్ ఎవరైనా కానివ్వండి. మొదటి రోజు మొదటి ఆట టికెట్ నేనూ కొంటాను. ఆ నడక ఎలా ఉంది, ఆ నవ్వు ఎలా ఉంది అని నేనూ చూస్తాను. కానీ నా కళ్లు మాత్రం తెర మూలల్లో, గుంపులో, వీధి చివర, పాన్ నములుతూ ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి కోసం వెతుకుతుంటాయి.